సగం సాయంత్రాలు

మా బడి ఆటస్థలం గోడ దాటితే రొయ్యల చెరువులు, చెరువులు దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే సముద్రం. విడవలూరులో బస్సు మారి వచ్చే కొత్త టీచర్లు మొదటి వారం గాలి ఎంత బాగుందో అంటారు. రెండో వారానికి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను ఇక్కడ పిల్లల చేత ఆటలు ఆడించే టీచర్ని. నాకు వినబడదనుకుని పిల్లలు నన్ను విజిలు టీచర్ అంటారు. నా గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. ఆ రెండూ లేని మనిషి ఈ ఉద్యోగం చెయ్యలేదు.

నా ఆట ఖో-ఖో. రెండు కర్రలు పాతి, సున్నంతో గీతలు గీస్తే చాలు, ఇంకేమీ కొనక్కర్లేదు. వరసగా గీసిన గళ్ళలో పిల్లలు గొంతుక్కూర్చుంటారు, ఒకరి ముఖం ఇటు, పక్కవాళ్ళ ముఖం అటు. తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి, కూర్చున్న పిల్ల వీపు తట్టి, 'ఖో' అనాలి. అప్పుడే లేచి పరిగెత్తాలి. అనకముందు లేస్తే ఫౌల్. అన్నాక ఒక్క క్షణం ఆలస్యమైనా, పట్టాల్సిన పిల్ల చేతికందకుండా పోతుంది. తల తిప్పి చూసుకోవడానికి వీల్లేదు, వెనకున్న మనిషిని నమ్మాలి. ఆ నమ్మకం రోజూ కలిసి ఆడితే తప్ప రాదు. అందుకని నాకొక నియమం ఉండేది. ప్రాక్టీసుకు రాని పిల్లకు గడి లేదు.

నియమం పెట్టడానికి నోరుంటే చాలు, నిలబెట్టడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఒక పిల్లకు చెరువులో పట్టుబడి, అంటే రొయ్యలు తీసే రోజు, ఇంటిల్లిపాదీ గట్టు మీద ఉండాలి. ఇంకో పిల్లకు ట్యూషను. మాగాణి ఉన్నవాళ్ళ పిల్లలకు నాట్లప్పుడు కూలీలకు అన్నం మోసే పని. ఒక పిల్ల వాళ్ళ అవ్వయితే ఆ ఏడాది నా దగ్గర చాలాసార్లు చచ్చిపోయింది. తీరా ఒకరోజు బడి ముందు ఆమే ఎదురుపడి, 'మా పిల్ల బాగా ఆడతా ఉందా టీచరమ్మా' అని అడిగింది. బాగానే ఆడుతోంది, నీ ప్రాణంతో అని లోపల అనుకున్నాను.

ఒక పిల్ల మాత్రం నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. తొమ్మిదో తరగతి. సన్నటి మనిషి, పొడుగు కాళ్ళు. తండ్రి లేడు. తల్లి రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి మధ్యాహ్నం పోతే, షెడ్డు వ్యాను తిరిగి దింపేసరికి ఊరంతా పడుకునేది. ఆ పిల్ల తరుముతుంటే నేను విజిలు ఊదడం మరిచిపోయిన రోజులున్నాయి. జిల్లా జట్టు ఎంపికలకు పంపిస్తే తప్పకుండా తీసుకుంటారని నాకు తెలుసు. ఆ సంగతి ఆ పిల్లకూ చెప్పాను. చెప్పిన దగ్గర్నుంచీ అదే ధ్యాస.

అయితే ఆ పిల్ల గొంతు కూడా అంత మంచిది. మా ఊరి చర్చిలో క్రిస్మస్‌కు పిల్లలు పాటలు పాడతారు. వానాకాలం తగ్గుతూనే సాయంత్రాలు ప్రాక్టీసు మొదలవుతుంది. నేర్పేది పాస్టరమ్మ గారు. ఆమెకూ నాలాంటి నియమమే ఉంది. ప్రాక్టీసుకు రాకపోతే పండగనాడు ముందు వరస లేదు. నా ప్రాక్టీసు, ఆమె ప్రాక్టీసు ఒకే వేళకు. జిల్లా ఎంపికలు కూడా ఆ నెలలోనే. ఆ పిల్ల అడకత్తెరలో పోకచెక్కయింది.

"ఏదో ఒకటి తేల్చుకో. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏమవుతుందో సముద్రం మీద బతికే మీకు నేను చెప్పాలా?" అన్నాను.

"పడవ మీద మేము రెండు కాళ్ళూ పెట్టే ఉంటాం టీచర్, ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. అట్టయితేనే పడం," అంది నవ్వుతూ. మళ్ళీ నవ్వు ఆపేసి, "నాకు రెండూ కావాల టీచర్. ఏదీ మానుకోమని చెప్పబాకండి," అంది.

కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, పాస్టరమ్మ గారి మీద. మర్నాడు చర్చికి పోయి, వరండాలో నిలబడే అడిగాను. పాట ఎప్పుడైనా పాడొచ్చు, ఎంపికలు మళ్ళీ ఏడాది దాకా రావు అన్నాను. ఆమె నాకంటే నెమ్మదైన మనిషి. నెమ్మదిగానే అంటించింది.

"పండగ గూడా ఏడాదికొకసారే గదా టీచర్ గారూ, మీకు తెలవంది కాదు. ఆ బిడ్డ పాడకపోతే మిగతా పిల్లలు శ్రుతి అందుకోలేరు."

"ఆ బిడ్డ ఆడకపోతే నాకు జట్టే లేదు."

"అయితే ఏం చేద్దామంటారు?"

ఇద్దరు ఆడవాళ్ళం ఒక పిల్ల కోసం వరండాలో నిలబడి బేరం చేసుకున్నాం. చివరికి కుదిరింది. ప్రాక్టీసు సగం నాకు, సగం ఆమెకు. పిల్ల నా దగ్గర సగం ఆడి, సైకిలు మీద చర్చికి పోతుంది. ఆమె పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ పిల్ల పాడే పాటలు చివరికి పెడుతుంది. నేను ఈ పిల్ల తరిమే ఆటలు మొదట పెడతాను. ఎవరి నియమమూ చెడలేదు. మా హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అందరి ముందూ మెచ్చుకున్నారు. "పాము చావకుండా కర్ర విరగకుండా అంటే ఇదే. నేర్చుకోండి," అన్నారు. నాకు గర్వమేసింది. వేరే బళ్ళ ఆటల టీచర్లు కలిసినప్పుడు నేనే కదిపి మరీ చెప్పుకున్నాను.

ఆ పిల్ల సంతోషం చూడాలి. ఆట మధ్యలో నేను తల ఊపగానే బూట్లు విప్పి సంచిలో వేసుకుని, 'వస్తా టీచర్' అని సైకిలెక్కేది. జట్టు బనీను మీదే పోయేది. బడి నుంచి చర్చికి చెరువుల గట్టు మీద దారి. ఆ దారిన మేత లారీలు, ఐసు బండ్లు తిరిగి తిరిగి చక్రాల కింద రెండు గాళ్ళు పడి ఉంటాయి. వాన పడితే ఆ గాళ్ళలో నీళ్ళు. పిల్ల నడుమనున్న మెరక మీద తొక్కుకుంటూ పోతుంటే, గోడ ఇవతల నుంచి నాకు తలా భుజాలూ కనబడేవి.

కొన్నాళ్ళకు ఆటలో ఆ పిల్ల మాటిమాటికీ ఆకాశం వంక చూడడం గమనించాను. వెలుతురు బట్టి వేళ లెక్కగట్టుకుంటోంది. చర్చిలో రొప్పుతూ వచ్చి కూర్చుంటోందని, తను పాడే మొదటి పాటకు ఊపిరి చాలడం లేదని పాస్టరమ్మ గారు చెప్పి పంపారు. ఒకరోజు గడిలో గొంతుక్కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. వెనక నుంచి 'ఖో' అనగానే ఉలిక్కిపడి లేచి, వెళ్ళాల్సిన వైపు కాక రెండో వైపు పరిగెత్తింది. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ తర్వాత తిట్టాను.

అల్పపీడనం అన్నారు ఆ రోజు. వాన పట్టీ పట్టనట్టు పడుతోంది. ప్రాక్టీసు ఆపేద్దామా అనుకుని, ఎంపికలు దగ్గరపడ్డాయి కదా అని ఆపలేదు. పాస్టరమ్మ గారూ అలాగే అనుకున్నారట, పండగ దగ్గరపడిందని. నేను తల ఊపాను. పిల్ల 'వస్తా టీచర్' అంది. నేను రేపు త్వరగా రమ్మన్నాను. చెరువుల మలుపులో ఐసు బండి ఎదురొస్తే సైకిలు దారి ఇవ్వబోయి మెరక మీద నుంచి జారింది. బండివాడు బ్రేకు వేశాడు. బురదలో బండి ఏం ఆగుతుంది? కేకలు ఆటస్థలానికి వినబడ్డాయి. మేం గోడ దూకి పరిగెత్తాం. మేం చేరేసరికే ప్రాణం లేదు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పాస్టరమ్మ గారినీ అనలేదు. బండివాడిది తప్పు కాదన్నారు, వానది అన్నారు. నేను తప్పు చేశానని నేనూ అనుకోవడం లేదు. వంద మంది ముందు నిలబెట్టి అడిగినా అదే చెప్తాను. నేను చేసింది న్యాయమే, ఆ పిల్ల కోరిందే చేశాను. అయినా నాకు నిద్ర పట్టలేదు. నేను గానీ, ఆమె గానీ మొండికేసి ఉంటే ఆ పిల్ల ఇటో అటో ఉండేది. గట్టు మీద మాత్రం ఉండేది కాదు. సగానికీ సగానికీ మధ్య దారి ఒకటి ఉంటుందని మా ఇద్దరికీ తోచలేదు.

ఆ ఏడాది ఎంపికలకు మేం పోలేదు. సెలవులయ్యాక, మండలం పోటీలు ఉన్నాయి కదా అని మళ్ళీ విజిలు ఊదాను. విచిత్రం, ఒక్క పిల్ల కూడా మానలేదు. పట్టుబడీ లేదు, ట్యూషనూ లేదు, ఎవరి అవ్వా చచ్చిపోలేదు. నా ఉద్యోగంలో నేను ఎన్నడూ చూడనంత హాజరు. వచ్చి వరసలో నిలబడతారు. నేను పేర్లు పిలుస్తాను. ఆ పేరు పిలవను, కానీ ఆ పేరుండాల్సిన చోట నా నోరు దానంతటదే ఆగుతుంది. పిల్లలంతా ఆ చోట తల దించుకుంటారు.

హాజరు నిండుగా ఉంది, ఆటే లేదు. ఆ పిల్ల గడిలో ఎవరూ కూర్చోరు. 'నేను కాదు టీచర్' అని ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కుంటారు. సరేనని ఆ గడి వదిలేసి ఆడిస్తే అదీ సాగలేదు. వెనక నుంచి తరిమే పిల్ల వీపు తట్టి 'ఖో' అంటే, కూర్చున్న పిల్ల లేవదు. బిగుసుకుపోయి అలాగే ఉంటుంది. రెండోసారి 'ఖో' అంటే అప్పుడు లేస్తుంది. ఒకరు కాదు, అందరూ అంతే.

"చెవుల్లో దూది పెట్టుకున్నారా? ఖో-ఖోలో రెండో పిలుపు ఎక్కడైనా ఉందా?" అని అరిచాను.

చివరికి అవ్వను చంపే పిల్లే నోరు విప్పింది. "మా అవ్వ చెప్పింది టీచర్. సందెవేళ వెనక నించి ఎవురన్నా పిలిస్తే మొదటి పిలుపుకి పలకబాకు అని. మనుషులైతే మళ్ళా పిలుస్తారంట. అది గనకైతే ఒక్కసారే పిలుస్తాదంట."

మా ఇళ్ళలోనూ ఆ మాట ఉంది. మా అమ్మా చెప్పేది. మర్నాడు ఇంకొకటి జరిగింది. ఖాళీ గడి పక్కన కూర్చున్న పిల్ల, తరిమే పిల్ల ఇంకా అవతలి కర్ర దగ్గర ఉండగానే, దిగ్గున లేచి పరిగెత్తింది. ఫౌల్ ఊదాను. ఆ పిల్ల ఆగి వెనక్కి చూసింది, ముఖం పాలిపోయింది. "ఎవురో తట్టినారు టీచర్," అంది. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరూ తట్టలేదు. కానీ ఆ పిల్ల అబద్ధం ఆడుతోందని నేను అనలేను. ఆ సాయంత్రం గోడ ఇవతల నిలబడితే గట్టు మీద తలా భుజాలూ పోతున్నట్టు నాకే అనిపించింది. భయపడ్డాననే చెప్తాను. విజిలు నోట్లో పెట్టుకుని కూడా ఊదలేకపోయాను.

చర్చిలోనూ అంతేనట. చనిపోయిన పిల్ల ఒక్కతే అందుకునే చరణం దగ్గరకు వచ్చేసరికి పిల్లలు పాడడం ఆపి ఊరుకుంటారట. ఆ చరణం పట్టేంతసేపు ఆగి, మళ్ళీ కలిసి ఎత్తుకుంటారట. పాస్టరమ్మ గారు ఈ సంగతి రోడ్డు మీద నిలబడి చెప్పి, నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ఎవరి దారిన వాళ్ళం పోయాం.

ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది ఆ తర్వాతే. షెడ్డుకు సెలవు పెట్టి, సాయంత్రం వచ్చింది. చేతిలో ఫోను ఉంది. నేరుగా హెడ్మాస్టరు గారి గదికి పోయింది. నన్నూ పిలిపించారు.

ఈ రోజుల్లో పిల్లల హాజరు ఫోన్లోనే వేస్తున్నాం. రాని పిల్ల పేరు దగ్గర నొక్కితే, ఇంటికి మెసేజి పోతుంది. ఆ పిల్ల పేరు తీసెయ్యాలంటే పై ఆఫీసు నుంచి అనుమతి కావాలి, అది ఇంకా రాలేదు. పేరున్నాక ఏదో ఒకటి నొక్కందే హాజరు పూర్తికాదు. క్లాసు టీచరు రోజూ ఆ పేరు దగ్గర 'రాలేదు' అని నొక్కుతున్నాడు. మెసేజి తల్లికి చేరుతోందని మాకెవరికీ తట్టలేదు. మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదు. రోజూ అదే మాట.

హెడ్మాస్టరు గారు లేచి నిలబడి చేతులు జోడించారు. ఈ రోజే ఆపిస్తానన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కొట్లాడేదానికి రాలా సార్. మొదట్లో చూసి ఏడ్చినా. ఇప్పుడు అది రాకపోతే తోచదు. నా బిడ్డ రాలేదని రోజుకొక్కసారన్నా ఎవురో ఒకరు అంటా ఉండారు గదా. ఉండనీండి," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "టీచరమ్మా, అది ఆడేది నేను ఒక్కనాడూ చూడలా. యాడ ఆడేదో చూపిస్తారా?"

ఆటస్థలానికి తీసుకుపోయాను. పిల్లలు ఆమెను చూసి ఒక్కచోట గుంపుగా చేరారు. గోడ దాకా నడిచింది, గట్టు వైపు చూసింది, వెనక్కి వచ్చింది. నాకు మాట్లాడకుండా ఉండడం చేతకాదు. మీ అమ్మాయి సంతోషంగా ఉండేదమ్మా, తనకు ఆటా కావాలంది, పాటా కావాలంది, అందుకే మేమిద్దరం మాట్లాడుకుని సగం సగం చేశాం అని చెప్పుకుపోయాను. ఆమె అంతా విన్నది.

"తెలుసు టీచరమ్మా. అది నాకు చీటీ రాసిపెట్టేది, ఈ మాదిరి కుదిరినాది అని. సమంగానే పంచుకున్నారు. మీరు ఆట చూసినారు, ఆమె పాట విన్నది. నేను షెడ్డు నించి వచ్చేసరికి అది పండుకోనుండేది. నా వంతుకు నిద్రపోయే బిడ్డే వచ్చింది," అంది.

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేను ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఆ వరండాలో నిలబడి బేరం చేసుకున్నప్పుడు మూడో మనిషి ఒకరున్నారని మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, పిల్లల ముందే.

ఆమె నన్ను ఓదార్చలేదు. "అది కూసునేది యాడ?" అని అడిగింది. ఖాళీ గడి చూపించాను. పోయి అందులో కూర్చుంది, పిల్లలు కూర్చున్నట్టే గొంతుక్కూర్చుని, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ కింద దోపుకుంది. "ఆడండమ్మా. నేను ఈడ ఉంటా," అంది పిల్లలతో.

పిల్లలు నా వంక చూశారు. నేను తల ఊపాను. ఒక్కొక్కరే పోయి తమ తమ గళ్ళలో కూర్చున్నారు, ఆమెకు ఇటూ అటూ. ఆ రోజు మొదట తరమాల్సింది కొత్తగా చేరిన చిన్న పిల్ల, ఆ అమ్మాయి ఆటను ఎన్నడూ చూడని పిల్ల. విజిలు ఊదాను. పిల్ల పరిగెత్తింది. ఒక గడి దాటింది, రెండో గడి దాటింది. పట్టాల్సిన పిల్ల కళ్ళెదుట తప్పించుకుని అటు పక్కకు పోయింది. ఇక అక్కడ ఖో ఇవ్వక తప్పదు. చిన్న పిల్ల తల్లి వెనక ఆగి, భయం భయంగా చెయ్యి చాచి, ఆమె వీపు మీద పెట్టి, "ఖో" అంది.

మొదటి పిలుపుకే లేచింది. కళ్ళు తుడుచుకునేంత వ్యవధి కూడా లేకుండా లేచి, గిరుక్కున వెనక్కి తిరిగింది. ఆమె ముఖం నాకు కనబడింది. ఎవరు పిలిచారనుకుని తిరిగిందో ఆ ఆటస్థలంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

చిన్న పిల్ల చాచిన చెయ్యి అలాగే ఉంచుకుని బిక్కచచ్చి నిలబడింది. తల్లి ఆ పిల్లను చాలాసేపు చూసింది. తర్వాత వంగి, పిల్ల నుదుటి మీద చెమటకు అంటుకున్న వెంట్రుకలను పక్కకు తీసింది.

"ఎవురి బిడ్డవు మే నువ్వు?" అని అడిగింది.

పిల్ల వాళ్ళమ్మ పేరు చెప్పింది.